పొల్లు పోయిన పోటీ

అఖిల దేశ పూల్ పోటీలు నిర్వహించే భాగ్యం మన నగరానికి దక్కిందనీ, పౌరులందరూ ఇందుకు గర్వించవలసిందనీ ఆహ్వాన సంఘం ఒక ప్రకటన విడుదల చేసింది. ఆ సంఘంలో నేనూ సభ్యుణ్ణి కనుక ఒక రోజు ముందే గర్వించేశాను. పూల్ అంటే, గుడ్డ బిగించిన బల్ల మీద రంగు బంతుల్ని కర్రతో పొడిచి మూలలనున్న సంచుల్లో పడేసే ఆట. పోటీలకు నడివేసవి ఖాయమైంది. అంటే మా ఊళ్ళో డబ్బాలోని ఉప్పు నీరయ్యే కాలం, అగ్గిపుల్ల గీస్తే వెలగకుండా వినయంగా తల వంచే కాలం. పాపం, పరిశీలకులు చలికాలంలో వచ్చి చూసి వెళ్ళారు. అధ్యక్షులవారు మఫ్లర్ సర్దుకుంటూ, "మా ఊళ్ళో ఏడాది పొడుగునా ఇంతేనండీ" అని చెప్పారు. ఆ క్షణానికి అది నిజమే.

పోటీలు జరిగే క్రీడా మందిరానికి కొత్త ఏసీలు బిగించారు. గుమ్మం మీద 'పూల్ పోటీలకు స్వాగతం' అని నిలువెత్తు అక్షరాలు రాయించారు. తెల్లారేసరికి ల మీది పొల్లు లేదు. పెయింటరును పిలిచి గట్టిగా అడిగాం.

"నేను పెట్టానండీ. గాల్లో చెమ్మకి రంగు ఆరక కారిపోయింది. మళ్ళీ పెట్టమంటే పెడతా, మళ్ళీ కారిపోద్ది" అన్నాడు.

అధ్యక్షులవారి ఉత్తరువులను అక్షరం పొల్లు పోకుండా అమలు చేసే సంఘం మాది. ఆ ఒక్క పొల్లు పోయినందుకు, పూల పోటీలని చదువుకుని, నలభై ఇద్దరు గృహిణులు కుండీలతో సహా దిగబడ్డారు.

వాళ్ళని వెనక్కి పంపుదామనుకునేలోగా అధ్యక్షులవారు మైకు అందుకున్నారు. "పూల్‌లో పూలున్నాయి! తేడా ఒక్క పొల్లే! పొల్లు మనుషుల్ని విడదీస్తే, పూలు కలుపుతాయి! ఈ చల్లదనం మన అందరిదీ!" అని గర్జించారు. చప్పట్లు ఆగలేదు. దరిమిలా సంఘం సమావేశమై, కుండీతో వచ్చినవారికి కుండీ సమేతంగా ప్రవేశం కల్పించాలని తీర్మానించింది.

కుండీలన్నాక నీళ్ళు పోయాలి. పూటకు రెండుసార్లు పోశారు. ఆ తడంతా బల్లల మీది గుడ్డ తాగింది. కర్రతో పొడిస్తే బంతి బయలుదేరడమే గాని చేరడం లేదు. పొరుగు దేశం నుంచి వచ్చిన రిఫరీ గుడ్డను వేలితో నొక్కి చూసి, దీన్ని ఆట ఆటకూ ఇస్త్రీ చేయాలన్నాడు. హాస్యమాడుతున్నాడేమోనని అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

మా వీధి మొగలో బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసే అతణ్ణి పిలిపించి, ప్రధాన వస్త్ర సమతలాధికారిగా నియమించాం. అతను బల్ల చుట్టూ ఒకసారి తిరిగి, గుడ్డను అరచేత్తో నిమిరి, అలవాటు చొప్పున దాని మీద నీళ్ళు చిలకరించబోయాడు. ఆరుగురం వెళ్ళి చెయ్యి పట్టుకున్నాం. ఆ తర్వాత మాత్రం అద్భుతంగా చేశాడు. పెట్టె నడిచిన దారిలో బంతి పరుగెత్తింది.

రెండో రోజు అతను కార్యదర్శి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఇక్కడ చల్లగా ఉందండీ."

"ఉండకపోతే ఎలాగయ్యా?"

"నేనిక్కడ ఉంటే వీధి బట్టలన్నీ మా ఆవిడే చేస్తోందండీ, రెండో పెట్టెతో. ఏడో నెల. నిన్న కళ్ళు తిరిగి కూలబడింది. ఒక్క గంట ఇక్కడ ఏ మూలనైనా కూచుంటుందండీ."

కార్యదర్శి సహృదయుడు. కసరలేదు. ఒక మనిషి ఒంట్లోంచి గంటకు ఎంత చెమ్మ వెలువడుతుందో, అందువల్ల బల్లకు ఎంత హానో ఓపికగా వివరించాడు. మొక్కలకు తీర్మానం ఉంది గాని మనుషులకు లేదని విచారం కూడా వెలిబుచ్చాడు. అధ్యక్షులవారి ఇద్దరు బావమరదులూ, తోడల్లుడూ, ఆ తోడల్లుడి వియ్యంకుడూ ముందు వరుసలో కూర్చుని ఆ వివరణకు తలలూపారు. వాళ్ళకు చెమట పట్టదు. రెండు రోజులుగా అక్కడే ఉన్నా పట్టలేదు.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఇస్త్రీ అతని భార్యే గుమ్మం దగ్గరికి వచ్చింది. కాపలావాడు పైన బోర్డు చూసి, "కుండీ ఏదమ్మా?" అన్నాడు. ఆవిడ వెనుదిరిగింది. కాసేపటికి పగిలిన ప్లాస్టిక్ బకెట్టు మోసుకొచ్చింది. అందులో ఒక బంతి మొక్క, దానికి ఒకే ఒక్క పువ్వు. తీర్మానం తీర్మానమే, కాపలావాడు దారి ఇచ్చాడు.

కుండీల వరసలో గోడకు చేరబడి, పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. బల్ల దగ్గర మొగుడు పెట్టె ఆపి ఒకసారి అటు చూశాడు. అతని ముఖం చూస్తే కప్పు గెలిచింది అతనే అనిపించింది. నాక్కూడా సంతోషం వేసింది.

అప్పుడే ఒక సంగతి గుర్తుకొచ్చింది. సాయంత్రం బహుమతి ప్రదానం. వేదిక మీద నాకూ ఒక కుర్చీ ఉంది. నా నీలం చారల చొక్కా మూడు రోజులుగా వాళ్ళ మూటలోనే ఉంది.

భుజం తట్టి లేపాను. నెమ్మదిగానే తట్టాను.

"అయ్యో, మర్చిపోయాను బాబుగారూ" అంటూ గోడ పట్టుకుని లేచి, ఎండలోకి వెళ్ళింది. బకెట్టు మాత్రం ఉండిపోయింది. దాన్ని వెళ్ళమనే అధికారం ఎవరికీ లేదు.

చొక్కా అయిదింటికల్లా వచ్చింది. ముడత అన్నది లేదు. వేదిక మీద ఏసీ గాలికి కాస్త వణుకు పుట్టింది గాని, చొక్కా ఇంకా వెచ్చగానే ఉంది. హాయిగా ఉండింది.