మట్టిలోకి పారిపోయిన దుంగ

మనిషికి చావుతో బాధ్యతలు తీరిపోతాయి. చెట్టుకు అసలు ఉద్యోగం చచ్చాకే మొదలవుతుంది.

ఈ సత్యాన్ని కనిపెట్టింది శాస్త్రవేత్తలు. అమల్లో పెట్టింది మృత వృక్ష కార్బన్ సంరక్షణ మండలి. గాలిని వేడెక్కించే కార్బన్‌ను చెట్టు బతికున్నన్నాళ్లూ ఒంట్లో దాచుకుంటుందనీ, కూలిపోయాక కూడా దాన్ని ఒక పట్టాన వదలదనీ, అందుచేత అడవిలో పడిపోయిన చెట్లను ఎవరూ ముట్టుకోకూడదనీ శాస్త్రవేత్తలు ఒక నివేదిక ఇచ్చారు. మండలి దాన్ని ఎంతో శ్రద్ధగా చదివింది. (మొదటి పేజీ వరకు. దుంగ కుళ్లడం రెండో పేజీలో మొదలవుతుంది.)

వెంటనే అడవిలో పడివున్న దుంగలన్నిటికీ నంబరు రేకులు కొట్టారు. లావు, పొడవు కొలిచారు. ఒక్కో దుంగకూ ఒక్కో గార్డును బాధ్యుణ్ణి చేశారు. దుంగ లావు తగ్గితే గార్డు ఉద్యోగం పోతుంది. నియమం చాలా చిన్నది. దొంగలను దృష్టిలో పెట్టుకుని రాశారు. వానను దృష్టిలో పెట్టుకోలేదు.

మన గార్డు వాటాకు వచ్చిన దుంగ వాగు ఒడ్డున ఉంది. ఎప్పటిదో గాలివానకు కూలిన మహావృక్షం. పడుకుని ఉన్నా మనిషి నడుం ఎత్తు ఉండేది. గార్డు దానికి పెద్దాయన అని పేరు పెట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే వెళ్లి, "ఏం పెద్దాయనా, కులాసాయేనా?" అని పలకరించి వచ్చేవాడు. కదలకుండా మెదలకుండా పడివున్నదానికి కాపలా. ఇంత నిశ్చింతైన ఉద్యోగం లోకంలో ఇంకొకటి లేదని భార్యతో గొప్పగా చెప్పాడు కూడా.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కొన్ని వానాకాలాలు గడిచాక మండలి ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చాడు. ఆయన మెడలో ఎప్పుడూ కొలత టేపు వేలాడుతూ ఉంటుంది కాబట్టి అందరూ టేపాయన అంటారు. (పెళ్లి ఫొటోలో కూడా ఉందని వినికిడి.) టేపాయన దుంగ చుట్టూ టేపు వేశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ వేశాడు. తర్వాత చాలా మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఏమయ్యా, మిగతాది ఏదీ?"

"మెత్తబడి రాలిపోయింది సార్. కింద మట్టిలో కలిసిపోయింది."

"ఎవరి పర్మిషన్‌తో?"

గార్డు దుంగ వైపు చూశాడు. దుంగ నోరు మెదపలేదు.

దర్యాప్తు అక్కడికక్కడే మొదలైంది. టేపాయన బెరడు కొంచెం లేపాడు. నిందితులు గుంపుగా దొరికిపోయారు. చెదలు, తెల్లటి లావుపాటి పురుగులు, దుంగ పొడుగునా వరసగా నిలబడ్డ కుక్కగొడుగులు. పట్టపగలు ప్రభుత్వ ఆస్తిని తింటూ, అధికారిని చూసి కూడా తినడం ఆపలేదు. కుక్కగొడుగులు పారిపోయే ప్రయత్నమైనా చెయ్యలేదు. (ఈ పొగరును ప్రత్యేకంగా నమోదు చేశారు.) దుంగ మధ్యలో పచ్చగా ఏదో తల ఎత్తి ఉంది.

"ఇదేంటి?"

"మొలక సార్. కుళ్లిన చెక్కలో తేమ ఉంటుంది కదా, గింజ పడితే లేస్తుంది."

"అక్రమ ఆక్రమణ," అని రాసుకున్నాడు టేపాయన. మొలకకు నోటీసు అంటించారు. నోటీసు బరువుకు అది తల వంచింది. నేరం ఒప్పుకున్నట్టు నమోదైంది.

గార్డుకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఆ నేలనే గుప్పెడు తీసి చూపించాడు. ఎండాకాలంలో కూడా నల్లగా, తడితడిగా ఉంది.

"పెద్దాయన ఎక్కడికీ పోలేదు సార్. కొంత గాలిలో కలిసింది, కొంత ఇదిగో, ఇక్కడే ఉంది."

"గాలిలోకి కూడానా? అంటే కొంత పరారీ, కొంత దారి మళ్లింపు!" టేపాయన టేపు చుట్టేశాడు. "చూడు బాబూ, మన శాఖ చెక్క. మట్టి మన శాఖ కాదు. సరుకు మాకు ముట్టిందని మట్టి శాఖ నుంచి రసీదు పట్టుకురా. నెలాఖరులోగా తేలేదో, ఉద్యోగమూ ఉండదు, క్వార్టరూ ఉండదు."

మట్టి శాఖ ఎక్కడో లేదు. మండలి ఆఫీసు ముందు రోడ్డుకు అవతలి వైపే. రెండు శాఖలకూ క్యాంటీను ఒకటే. కాకపోతే రెండు శాఖల వాళ్లూ ఒకే బల్ల దగ్గర కూర్చోరు. (పరిధుల సమస్య.) అక్కడి అధికారిణి గార్డు చెప్పిందంతా ఓపిగ్గా విన్నది.

"మా మట్టి ఎప్పుడూ నల్లగానే ఉంది బాబూ. మీ సరుకు వచ్చి చేరిందని ఈ రోజు నేను సంతకం పెడతాను. రేపు అది కనపడకపోతే ఎవర్ని అడుగుతారు?"

"ఒక్కసారి చేతిలోకి తీసుకుని చూడండి మేడమ్."

ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది. "ముట్టుకుంటే తీసుకున్నట్టే లెక్క."

గార్డు గుప్పెట్లో మట్టితోనే ఇంటికొచ్చాడు. భార్య అప్పటికే గిన్నెలు మూట కడుతోంది. క్యాంటీను నుంచి విషయం వాళ్ల ఇంటికి ఆయన కంటే ముందే చేరింది.

"మా ఆయన ఉద్యోగం చెదపురుగులు తిన్నాయని మా వదినతో ఏ మొహం పెట్టుకుని చెప్పనండీ? లంచం తిన్నాడన్నా కాస్త గౌరవంగా ఉండేది!"

"దుంగన్నాక కుళ్లదటే?"

"మన మంచం కోళ్లు ఎందుకు కుళ్లలేదో? పెళ్లైన ఏడాదే నేను తారు పూశాను. ఈ రోజుకీ ఒక్క పురుగు కన్నెత్తి చూడలేదు. మీ పెద్దాయనకి కూడా పూసి ఉండాల్సింది, నా ఖర్మ కాకపోతే!"

ఆమె దెప్పిపొడిచింది. ఆయనకు అది దారిలా కనపడింది. ఉద్యోగం ఊడబోయేవాడికి ఎగతాళికీ సలహాకూ తేడా తెలియదు.

తెల్లారేసరికి గార్డు మండలి అధ్యక్షుడి గది ముందు ఉన్నాడు. అధ్యక్షుడు మొత్తం విని కళ్లు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాడు గార్డు. కాదు, ఆలోచన.

"తారు ఒక్కటే చాలదు," అన్నాడు కళ్లు తెరిచి. "దుంగకు అసలు శత్రువు మట్టి. రెంటినీ విడదీయాలి."

ఆ ఏడాదే అడవిలోని దుంగలన్నిటినీ ట్రాక్టర్లతో బయటికి లాగించారు. తారు పూయించి, సిమెంటు నేల, రేకుల కప్పు ఉన్న షెడ్డులో వరసగా పేర్చారు. పెద్దాయన మీది ఆక్రమణను చాకుతో తొలగించారు. నోటీసును మాత్రం అలాగే ఉంచారు. ప్రతి తనిఖీలోనూ లావు లావే, పొడవు పొడవే. అన్ని దుంగల్నీ కాపాడిన ఘనతకు గార్డు ఉద్యోగం నిలబడడమే కాదు, షెడ్డు సూపర్‌వైజరయ్యాడు. భార్య మూట విప్పి గిన్నెలు మళ్లీ సర్దుకుంది.

తర్వాత కొన్నేళ్లకు, దీనితో ఏ సంబంధమూ లేకుండా, అడవి నేల గట్టిపడింది. వాన పడితే నీళ్లు ఆగకుండా ఉరికి, ఉన్న కాస్త మట్టినీ పట్టుకుపోయాయి. కొత్త మొలకలు రావడం మానేశాయి. (ఆక్రమణల సమస్య పూర్తిగా పరిష్కారమైంది.)

"ఏవండీ, వాగు ఎండిపోయింది," అంది గార్డు భార్య, ఖాళీ బిందె గుమ్మంలో దించి.

"అది నీటి శాఖ," అన్నాడు సూపర్‌వైజరు.

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. టేపాయన గానీ ఇంటికొచ్చాడా అన్నట్టు.

క్రమంగా పెద్ద చెట్లు నిలువునా ఎండి, ఒకదాని వెనక ఒకటి కూలసాగాయి. మండలిలో ఆనందానికి హద్దుల్లేవు. చచ్చిన చెట్ల నిల్వ ఏటికేడు పెరుగుతోంది. లక్ష్యాన్ని గడువుకు చాలా ముందే దాటేశారు. సన్మాన సభ పెట్టారు. సూపర్‌వైజరుకు తారు పూసిన చిన్న చెక్క ముక్కను జ్ఞాపికగా ఇచ్చారు. దాని మీద పాత నంబరు రేకు ఉంది. పెద్దాయనది.

ఆయన దాన్ని రెండు చేతులా పట్టుకుని అధ్యక్షుడి వైపు తిరిగాడు. ఏదో చెప్పబోతున్నాడని సభ అంతా చెవులు రిక్కించింది.

"సార్... షెడ్డు నిండిపోయింది. ఇంకా కూలుతూనే ఉన్నాయి. కొత్త షెడ్డుకు స్థలం ఎక్కడ చూడమంటారు?"

అధ్యక్షుడు కిటికీలోంచి బయటికి, ఒకప్పుడు వాగు ఉన్న వైపు చూశాడు.

"దానికి వెతకడం ఎందుకయ్యా? అడవంతా ఖాళీయేగా."