ఏ రోగమూ లేని మిషన్

మంగళవారం పొద్దున కాశీనాథ్ అనుకున్నది చాలా చిన్న సంగతి. చాయ్ తాగాలి. గేటుకు మిగిలిన అడ్డపట్టీలు వెల్డింగ్ పెట్టాలి. సాయంత్రానికి రంగు వేయాలి. శుక్రవారం భివండి పక్కన మాన్కోలిలో ఆశిష్ సేఠ్ కొత్త గోదాము తెరుస్తున్నాడు. గేటు నచ్చితే గోదాములోని ఇనుప అరల పనంతా కాశీనాథ్‌కే అని మాట ఇచ్చాడు. శుక్రవారానికి గేటే లేకపోతే మాత్రం ఈ దుకాణానికి తాళం వేసి, పక్క గోడ అవతల ఉన్న ముఖేష్ సేఠ్ మరమగ్గాల కార్ఖానాలో మళ్ళీ సాంచెల మధ్య నిలబడాలి. పెళ్ళికి ముందు నుంచీ ఆ సాంచెల మోత వినీ వినీ అతని కుడి చెవి సగం పోయింది. మిగిలిన చెవిన్నరను కాపాడుకుందామనే ఈ వెల్డింగ్ దుకాణం పెట్టాడు.

చాయ్ తాగాడు. రాడ్ బిగించి ముట్టించాడు. రాడ్ సగం కూడా కాలలేదు, మిషన్ లోపల 'టప్'మని పేలాల గింజ పేలినట్టు ఒక చప్పుడు వచ్చింది. ఆ తరువాత ఏ చప్పుడూ రాలేదు.

"మల్ల పోయిందా?" దుకాణం వెనక గదిలోంచి భార్య కన్యక అడిగింది. ఆ గదే వాళ్ళ ఇల్లు.

"పోయింది."

"మొన్ననే గద బాగయింది!"

"మొన్న బాగయింది. ఇయ్యాల పోయింది. నీకు పంచాంగం చదివి చెప్పాల్నా?"

అది ఇన్వర్టర్ మిషన్. ఆ రోజుల్లో భివండికి కొత్త. పాత వెల్డింగ్ మిషన్‌ను నలుగురు మోయాలి. ఇది బియ్యం డబ్బా అంత ఉంటుంది, ఒంటి చేత్తో పట్టుకుపోవచ్చు. కాశీనాథ్ దాన్ని ఎక్కువగా పట్టుకుపోయింది రిపేరుకే. ఈసారి కూడా కన్యక తండ్రి కనుకయ్య, తువ్వాలలో పసిబిడ్డలా చుట్టి మిషన్‌ను అల్లుడి చేతికి అందించాడు. కనుకయ్య జీవితమంతా సాంచెలు బాగుచేసే జాబరు. పని మానేశాక కూతురి దగ్గరే ఉంటున్నాడు.

"పైలం అల్లుడా, ఆటోల ఒళ్ళె వెట్టుకో," అన్నాడు.

నిజాంపురాలో అమోల్ రిపేరు దుకాణం ఉంది. తెలుగు పిల్లవాడే కాని, చదివింది మరాఠీ బడిలో. మూత విప్పి లోపలికి చూసి తల గోక్కున్నాడు.

"కాశీ అన్నా, హే బఘ్, ఇటు సూడు. పవర్ ట్రాన్సిస్టర్లు వేడికి కాలినయి. ఈ ఫ్యాను గాలి కొడుతుంటేనే అవి బతుకుతయి. మన భివండిల ఏ మిషన్ ఇప్పినా లోపల దూది పరుపు ఎల్తది. గాలి ఆడదు, కాల్తయి. కాని నీ మిషన్ సూడు, అద్దం! ఇంత సాఫ్ మిషన్ నేను జిందగీల సూడలే. రోగం దీనికి లేదన్నా. నీ కరెంటుకున్నది."

కొత్త ట్రాన్సిస్టర్లు వేశాడు. మిషన్ అక్కడ బాగానే నడిచింది. ఇంటికి వచ్చేసరికి కరెంటు లేదు. బుధవారం పొద్దున కాశీనాథ్ మిషన్ ముట్టుకోకుండా నేరుగా పక్క కార్ఖానాకు నడిచాడు.

"సేఠ్, మీ సాంచెలు నా కరెంటు గుంజుతున్నయి," అన్నాడు, మోతకు పైన వినిపించేలా అరుస్తూ.

ముఖేష్ సేఠ్ నోట్లో పాన్ ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చాడు. "నా సాంచెలు నా కరెంటే గుంజుతయి. నీ కరెంటు నాకెందుకు?"

"నా మిషన్ కాలితే నేను మల్ల మీ తాన పనికొస్తనని..."

"ఏందీ? నీ కోసం నేను కావాలని ట్రాన్సిస్టర్లు కాలవెడుతున్ననా? నువ్వు నేసిన తాన్ల తప్పులకు వ్యాపారి నన్ను తిట్టిన తిట్లు ఇంకా నా చెవుల్లనే ఉన్నయి! సరే, గట్లనే కానీ. అన్ని సాంచెలు బంద్ వెడ్త. కరెంటు మొత్తం నువ్వే తాగు. పో, నడిపియ్!"

సాంచెలన్నీ ఆగాయి. పనిరోజున ఆ గల్లీకి అంత నిశ్శబ్దం ఎన్నడూ తెలియదు. ఎదురింటి లస్మవ్వ కంగారుగా బయటికి వచ్చింది. "ఎవలవ్వా పోయింది?" అని అడిగింది. నేత పనివాళ్ళు చాయ్ గ్లాసులతో కాశీనాథ్ దుకాణం ముందు నిలబడ్డారు. ముఖేష్ సేఠ్ స్టూలు తెప్పించుకుని కూర్చున్నాడు.

కాశీనాథ్ దేవుణ్ణి తలచుకుని రాడ్ ముట్టించాడు. మెరుపు వచ్చింది. నిప్పురవ్వలు లేచాయి. పనివాళ్ళలో ఒకడు "వహ్వా" కూడా అన్నాడు.

టప్.

ఆ నిశ్శబ్దంలో అది గల్లీ చివరిదాకా వినిపించింది. సాంచెల మోత ఉంటే ఎంత బాగుండునో అని కాశీనాథ్ జీవితంలో మొదటిసారి అనుకున్నాడు.

"సోమవారం రా," అంటూ ముఖేష్ సేఠ్ స్టూలు మీంచి లేచాడు. "మూల మీది సాంచె ఖాళీగనే ఉన్నది."

కరెంటు తప్పు కాకపోతే తప్పు ట్రాన్సిస్టర్లదే కావాలి. కాశీనాథ్ అమోల్‌కు ఫోన్ చేసి, "నువ్వేసేటివి అన్ని డూప్లికేట్ మాల్," అన్నాడు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వచ్చింది.

గురువారం వీళ్ళు ముఖాలు కడగకముందే అమోల్ స్కూటర్ వచ్చి ఆగింది. చేతిలో సీలు విప్పని పొట్లం ఉంది.

"డూప్లికేటా? నీ ముంగటనే సీలు ఇప్పుత. నీ ముంగటనే ఏస్త. నడ్వకపోతే నా దుకాణం బోర్డు పీకేస్త."

మూత విప్పితే లోపల మళ్ళీ అద్దమే. అమోల్ ట్రాన్సిస్టర్లు మార్చి, తానే రాడ్ పట్టి ఒక అతుకు వేశాడు. ఇంకొకటి వేశాడు. మిషన్ సంసారపక్షంగా నడిచింది. కాశీనాథ్ సిగ్గుపడి, "లోపలికి రా తమ్మీ, చాయ్ తాగుదువు," అన్నాడు.

చాయ్ తాగి ఇద్దరూ దుకాణంలోకి తిరిగి వచ్చారు. అక్కడ కనుకయ్య మిషన్ ముందు గొంతుకూర్చుని ఉన్నాడు. చేతిలో పొడుగు ముక్కు నూనె డబ్బా. ఆ ముక్కును మిషన్ గాలి రంధ్రంలోకి దూర్చి, పసివాడికి ఉగ్గు పోసినంత ప్రేమగా నొక్కుతున్నాడు.

"తాతా," అన్నాడు అమోల్ మెల్లగా, "ఏం చేస్తున్నవ్?"

"కండ్లు కనవడ్తలేవా? నూనె పోస్తున్న."

"రోజూ పోస్తవా?"

"పొద్దుమాపు. పాపం, మిషన్ వేడి చేస్తున్నదని నువ్వే అన్నవంట గదా, అల్లుడు చెప్పిండు. అప్పటిసంది జర ఎక్కువనే పోస్తున్న."

అమోల్ మూత విప్పాడు. ఫ్యాను రెక్కల నుంచి నూనె కారుతోంది. దాని మీద గల్లీ గాలిలోని దూది అప్పుడే వచ్చి అతుక్కుంటోంది.

"మరి నా తానికి వచ్చేసరికి అద్దం లెక్క ఎట్లుంటున్నది?"

కనుకయ్య నిటారుగా నిలబడ్డాడు. "దవాఖానకు తోల్కపోయే పిల్లగానికి తానం పోయకుంట పంపుతరా? చెడిన ప్రతిసారి గాసునూనెతోని కడిగి, తుడిచి, ఆరవెట్టి ఇస్తున్న. గలీజు మిషన్ పంపితే నువ్వు మా ఇల్లును ఎసొంటి ఇల్లనుకుంటవ్?"

అమోల్ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. కాశీనాథ్ ఇప్పటిదాకా ఊళ్ళో అందరి మీదా అరిచాడు. అరవాల్సిన మనిషి మీద అరుద్దామంటే ఆయన పిల్లనిచ్చిన మామ అయ్యాడు. గుమ్మంలో నిలబడ్డ కన్యక వైపు తిరిగాడు.

"మీ బాపుకు చెప్పు."

"నీ మామకు నువ్వే చెప్పు."

"నేను చెప్తే అలుగుతడు."

"నేను చెప్తే ఏడుస్తడు."

చివరికి అమోలే చెప్పాడు. "ముఖేష్ సేఠ్ కార్ఖానల సాంచె నూనె తాగే మిషన్ తాతా. ఇది గాలి తాగే మిషన్."

కనుకయ్య నూనె డబ్బా తీసుకుని బయటికి వెళ్ళి, గోడకు ఆనించిన గేటు రెక్క పక్కన కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. చాలాసేపటికి లోపలికి వినిపించేలా, "గీ గేటుకన్నా పోయొచ్చునా? ఇది గూడ గాలే తాగుతదా?" అన్నాడు.

"పొయ్యి మామా!" అన్నాడు కాశీనాథ్. మిషన్‌కు దూరంగా ఉంటే నూనెలో స్నానం చేసినా అతనికి అభ్యంతరం లేదు. "ఎంత కావాల్నంటే అంత పొయ్యి!"

కడిగి ఆరబెట్టిన మిషన్ ఆ మధ్యాహ్నమంతా ఒక్కసారి కూడా 'టప్' అనకుండా నడిచింది. కాని తొందరలో పెట్టిన అతుకులు కొన్ని చింతగింజల్లా ఉబ్బాయి. రంగు సగం ఆరలేదు. ఇటువైపు ఒక్కొక్క అతుకూ పడుతుంటే, అటువైపు కనుకయ్య ఒక్కొక్క బందుకూ, గడియకూ, గొళ్ళేనికీ నూనె పట్టిస్తూనే ఉన్నాడు.

శుక్రవారం ఆశిష్ సేఠ్ గోదాముకు బిగించిన గేటు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఉబ్బిన అతుకును వేలితో తడిమాడు. వేలికి అంటిన రంగు చూసుకున్నాడు. కాశీనాథ్‌కు మూల మీది సాంచె కళ్ళకు కట్టింది.

సేఠ్ గేటును నెట్టబోయి, అలవాటుగా ముందే ముఖం చిట్లించాడు. అతని మిగతా గోదాముల గేట్లు తెరిస్తే కాకులు లేచిపోతాయి. ఈ గేటు మాత్రం వేలు తగలగానే, చడీచప్పుడూ లేకుండా బార్లా తెరుచుకుంది. సేఠ్ దాన్ని మూశాడు. మళ్ళీ తెరిచాడు. కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ పంతులును పక్కకు జరిపి మళ్ళీ మూశాడు.

"వెల్డింగ్ తో ఠీక్ ఠాక్ హై," అన్నాడు. "కాని ఈ చాల్, ఈ నడక! ఇది ఎవరి పని?"

కాశీనాథ్ నోరు తెరిచేలోగా వెనక నిలబడ్డ కనుకయ్య ముందుకు వచ్చి నమస్కారం పెట్టాడు.

అరల పని కాశీనాథ్‌కే వచ్చింది. ఒకటే షరతు: ఆ బాబా కూడా రోజూ రావాలి, అన్ని గోదాముల గేట్లూ షట్టర్లూ ఆయనే చూసుకోవాలి.

సోమవారం పొద్దున మాన్కోలి ఆటోలో కనుకయ్య కొత్త నూనె డబ్బాతో హుందాగా కూర్చున్నాడు. పక్కన కాశీనాథ్ మిషన్‌ను ఒళ్ళో పెట్టుకుని, దాని గాలి రంధ్రాలను దారి పొడవునా రెండు అరచేతులతో మూసి పట్టుకున్నాడు.