ఎడమచేతికి రెట్టింపు

మనిషి చెమట విలువ పడిన కష్టాన్ని బట్టి కాదు, కూర్చున్న జాగాను బట్టి ఉంటుందని మన పాలనా వ్యవస్థ ఎప్పుడో తేల్చేసింది. ఎవరికైనా అనుమానం ఉంటే మా ఊరి చివర కమలాకర్ సేటు మగ్గాల షెడ్డుకు వచ్చి చూసుకోవచ్చు. (సాయంత్రం అయిదులోపు రావాలి. కారణం తర్వాత చెబుతాను.)

కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి పటం మీద గీత గీశారు. అది షెడ్డు మధ్యలోంచి పోయింది. పెన్సిలుకు గోడలు కనబడవు కదా, పాపం! దాంతో షెడ్డులో తూర్పు సగం ఒకటో జోన్, పడమటి సగం రెండో జోన్ అయ్యాయి. పనివేళ దాటాక చేసే ప్రతి గంటకూ ఒకటో జోన్‌లో రెట్టింపు కూలి. రెండో జోన్‌లో మామూలు కూలి, దానితోపాటు యాజమాన్యం కృతజ్ఞతలు.

దీనివల్ల ఎవరికీ ఇబ్బంది రాలేదు, ఒక్క రోజారమణికి తప్ప. ఆమె గంటల లెక్కన కూలికి నేసే మనిషి. ఆమె గుంట మగ్గం సరిగ్గా గీత మీద ఉంది. మగ్గాన్నైతే జరపొచ్చు, కాళ్లు పెట్టుకునే గుంతను ఎక్కడికని జరుపుతారు? కూర్చుంటే ఎడమచెయ్యి ఒకటో జోన్‌లో, కుడిచెయ్యి రెండో జోన్‌లో. సేటు ధర్మం తప్పని మనిషి. అనుమానం వచ్చినప్పుడు తక్కువ వైపు మొగ్గడమే వ్యాపార ధర్మం కనుక మామూలు కూలే ఇస్తూ వచ్చారు.

"సేటూ, రెట్టింపు ఇస్తే రెండు గంటల పైసలు గంటకే వస్తయి. జర జల్ది ఇల్లు చేరుత," అని రోజారమణి ఒకరోజు అడిగింది. "నేను పోయేటప్పుడు నా బిడ్డ పండుకొనే ఉంటది, వచ్చేసరికి మల్ల పండుకుంటది. నాలుగేండ్ల పోరి. ఆదివారమొస్తే నన్ను చూసి వాళ్ల నానమ్మ కొంగెనక దాక్కుంటాంది."

"నాకు ఇయ్యాలనే ఉందమ్మా. గీత ఒప్పుకోవాలె గదా," అన్నారు సేటు, నిజంగానే బాధపడుతూ. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడే వెళ్లి పూజారిని అడుక్కొమ్మన్నాడు.

వ్యవహారం అదనపు గంటల ప్రాంతీయ నిర్ధారణ కార్యాలయానికి చేరింది. (ఆ బోర్డు చదవడానికి పట్టే సమయాన్ని పనివేళల్లో కలపరు.) అధికారి ప్రమోద్ గారు టేపు పట్టుకుని స్వయంగా షెడ్డుకు వచ్చారు. అయితే ఓవర్‌టైం అయిదింటికి మొదలవుతుంది, ప్రమోద్ గారు అయిదింటికి వెళ్లిపోతారు. అందువల్ల మా ప్రాంతంలో ఓవర్‌టైం జరుగుతోందనడానికి ఆ కార్యాలయం దగ్గర కళ్లారా చూసిన సాక్షి ఈనాటికీ లేడు. (మిమ్మల్ని అయిదులోపు రమ్మన్నది ఇందుకే. దాటితే మీరే సాక్షి అయిపోతారు.)

"నేసేటప్పుడు ఏ చెయ్యి ఎక్కువ పని చేస్తది?" అని అడిగారాయన.

"కుడిచేత్తోని తాడు గుంజితే పోగు మోసుకొని నాడె ఉరుకుతది సారూ. ఎడమచేత్తోని పలక కొట్టి ఆ పోగు బిగిస్త. ఒక్క చేత్తోని గుడ్డ దిగుతదా?"

"నాడె ఎటు నుంచి ఎటు ఉరుకుతది?"

"అటు పోతది, ఇటొస్తది."

"అంటే దానికి నిలకడ లేదు," అని ప్రమోద్ గారు రాసుకున్నారు.

"మరి నా కాళ్లు సారూ? గవి తొక్కితేనే గదా మగ్గం ఆడేది!"

ఆయన గుంతలోకి వంగి చూశారు. నేల లోపల జరిగే పని తమ పరిధిలోకి రాదనీ, కాళ్ల సంగతి గనుల వాళ్లను అడగాలనీ మర్యాదగా చెప్పారు.

"అయ్యో సారూ, గీ గుంతల బొగ్గు తీస్తున్ననా ఏంది!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. ప్రమోద్ గారు నవ్వలేదు. నవ్వడం ఆయన విధుల్లో లేదు.

కొన్నాళ్లకు తాత్కాలిక ఉత్తర్వు వచ్చింది. ఎడమచేతికి రెట్టింపు, కుడిచేతికి మామూలు, కాళ్లు పరిశీలనలో. రోజారమణి తల పట్టుకుంది. (రెండు చేతులతోనూ పట్టుకుంది. అది ఏ జోన్ కిందికి వస్తుందో ఎవరూ చెప్పలేదు.) "గిట్లయితే జరంత ముందు పోత. అప్పటికి గూడ పోరి పండుకునే ఉంటది సారూ," అని ప్రమోద్ గారితో అంది.

ప్రమోద్ గారికి జాలి కలిగింది. బిడ్డ పేరు చెప్పి కూలి పెంచమంటున్నారు కనుక ఇంటికి వెళ్లి విచారణ జరపాలన్నారు. నిబంధన ప్రకారం ఆ సమయంలో దరఖాస్తుదారు ఇంట్లో ఉండాలి. అందుకని ఒకసారి రోజారమణి పనికి బయలుదేరే ముందు తెల్లవారుజామున, ఇంకోసారి ఆమె తిరిగొచ్చాక రాత్రి, జీపులో వెళ్లొచ్చారు. కార్యాలయం ఒకటో జోన్‌లో ఉంది కాబట్టి రెండుసార్లకూ ఆయనకు రెట్టింపు వచ్చింది, రెండు చేతులకూ, రెండు కాళ్లకూ కలిపి.

నివేదిక క్లుప్తంగా ఉంది. బాలిక రెండు తనిఖీల్లోనూ హాయిగా నిద్రపోతూ కనిపించింది. తల్లి కోసం ఏడ్చిన ఆనవాళ్లు లేవు. కావున అదనపు గంటల వల్ల ఈ కుటుంబానికి ఎటువంటి అసౌకర్యమూ లేదు.