అల్పపీడన సంబరాలు

ఒక పెద్ద అడవిలో, అదీ సముద్రాన్ని ఆనుకున్న మడ అడవిలో, వాతావరణ శాఖ ఒకటి ఉండేది. శాఖంటే ఒక్కర్తే, గూడబాతు గున్నమ్మ. పైగాలీ కిందిగాలీ రెండూ ఎరిగిన పక్షి గనక ఉద్యోగం ఇచ్చారు. ఆమె చెప్పింది వినాలని మాత్రం ఎక్కడా రాయలేదు.

ఒక కార్తీకంలో గున్నమ్మకి అనుమానం పుట్టింది. సముద్రం వారం నుంచి గంజిలా వెచ్చగా ఉంది. ఆవిరి ఆగకుండా లేస్తోంది. ఎంత ఎత్తుకెగిరినా గాలి చెమ్మగానే తగులుతోంది. మామూలుగా పైగాలి ఒకవైపు, కిందిగాలి ఒకవైపు లాగి, ఎదిగే మేఘం తల తెంపేస్తాయి. ఈసారి తోడికోడళ్లు రాజీపడ్డట్టు రెండూ ఒకేవైపు మెల్లగా వీస్తున్నాయి. ఇన్ని కలిసొస్తే నడిసంద్రంలో పుట్టిన చిన్న సుడి తుఫాను కాక ఏమవుతుంది?

ఏటి ఒడ్డు బొరియల్లో నీటికుక్కలు అప్పుడే పిల్లల్ని పెట్టాయి. నీరొస్తే ముందు పోయేవి ఆ కూనలే. లేచి ఇసుకమెట్ట ఎక్కండని గున్నమ్మ బతిమాలింది.

"ఉత్తర్వు లేకుండా కదిలితే మా బొరియ ఇంకొకరికి రాసేస్తారమ్మా" అన్నాయవి.

సరే, ఉత్తర్వు కోసం నివేదిక రాసింది. పైన "అల్పపీడనం" అని శీర్షిక పెట్టింది. అడవి అధ్యక్షుడు బావురుపిల్లి భూషయ్యకి శీర్షిక దాటి చదివే అలవాటు లేదు. పైగా వచ్చే వారమే ఎన్నికలు.

కార్యదర్శి నక్క ఆయన చెవిలో ఊదింది. "అయ్యగారూ, అల్పపీడనం అంటే జనాన్ని పీడించడం తగ్గిందనేగా? మన పాలనకి ఆవిడే సర్టిఫికెట్ ఇచ్చేసిందండి."

భూషయ్య మీసాలు దువ్వుకున్నాడు. సముద్రం ఒడ్డునే అల్పపీడన సంబరాలని చాటింపు వేయించాడు. అది గాలి పీడనం మహాప్రభో అని గున్నమ్మ మొత్తుకున్నా వినలేదు. మర్నాడు సుడి బలపడితే "తీవ్ర అల్పపీడనం" అని రాసి పంపింది. పీడన అంత తీవ్రంగా తగ్గిపోయిందా అని మురిసి, నక్క పందిరి ఇంకో రెండు బారలు పెంచింది. మూడోరోజు "వాయుగుండం" అని రాస్తే, శుభమా అని సంబరం చేసుకుంటుంటే గుండం ఏమిటని మెమో ఇచ్చారు.

గున్నమ్మకి ఒళ్లు మండింది. ఆ కోపంలోనే ఉపాయం తట్టింది. నాలుగో కాగితంలో గాలి ఊసే ఎత్తలేదు. "అధ్యక్షులవారికి ఘన సన్మానం. స్థలం: ఇసుకమెట్ట" అని రాసింది.

గంటలో ఉత్తర్వు వచ్చింది. జనమంతా పిల్లాపాపలతో మెట్ట మీద హాజరు కావాలి, రానివాళ్ల బొరియ రద్దు. నీటికుక్కలు కూనల్ని నోట కరుచుకుని అందరికన్నా ముందెక్కాయి.

సాయంత్రానికి తుఫాను తీరం దాటింది. ఒడ్డున పందిరి లేచిపోయింది, ఏరు ఎగదన్నింది. మెట్ట మీద అందరూ ఉన్నారు, సన్మానం అందుకోవాల్సినవాడు తప్ప. జనం నిండాక వెళ్లడమే ముఖ్య అతిథికి మర్యాదని నక్క ఆపేసిందట.

చివరికి ఇద్దరూ ఒక దుంగను వాటేసుకుని మెట్ట అంచుకి కొట్టుకొచ్చారు. నీటికుక్కలే ఈది ఒడ్డుకి లాగాయి. భూషయ్య ఉప్పునీళ్లు కక్కి, ఊపిరి తిప్పుకుని, "దండ ఏదీ?" అని అడిగాడు.

వారం తిరక్కుండా ఓట్లు పడ్డాయి. జనాన్ని ముందుచూపుతో మెట్ట ఎక్కించిన మహానుభావుడని భూషయ్యనే గెలిపించారు. దండ లేకుండా సన్మానం పెట్టినందుకు గున్నమ్మకి ఇంకో మెమో వచ్చింది.

నీతి: ప్రాణాలు నిలబెట్టాలంటే పంపాల్సింది హెచ్చరిక కాదు, ఆహ్వానపత్రిక.