మీ తలనొప్పి ఎవరు?

ఈ దేశంలో ఇకమీదట ఎవరికీ తలనొప్పి ఉండరాదని ఆరోగ్య మంత్రిగారు పొద్దున పదకొండు గంటలకు ఆజ్ఞాపించారు. పన్నెండింటికల్లా నొప్పి గణనీయంగా తగ్గిందని అధికారులు ధ్రువీకరించారు.

పెద్దాసుపత్రిలో వరండాలు తుడిచే ఆయమ్మకు ఆ కబురు అందినట్టు లేదు. రెండు నెలలుగా ఆమె ఎడమ కణత సుత్తి పెట్టి కొట్టినట్టు పోటెత్తుతోంది. పొద్దున్నే వాంతులు. కళ్లు మసకేస్తున్నాయి.

"ఇది మాత్రతో పోయేది కాదు ఆయమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ వారంలో తలకి స్కాన్ తియ్యకపోతే చూపు దక్కదు."

స్కాన్ మెషీన్ ఉన్నది ఒక్కటే. మొన్నటిదాకా అది అందరిదీ. ఇప్పుడు మంత్రిగారి తలనొప్పి పరిశోధన కేంద్రానిది. గదికి తాళం పడింది. ఫారం నింపినవాళ్లకే ప్రవేశం.

ఆ ఫారం మంత్రిగారు స్వయంగా చెప్పి రాయించారు. ముప్పై ఏళ్ల రాజకీయాల్లో ఆయన ఎరిగిన తలనొప్పులన్నిటికీ కాళ్లూ చేతులూ ఉండేవి. అందుకని మొదటి ప్రశ్న: మీ తలనొప్పి ఎవరు? రెండోది: ఎన్నాళ్లుగా వెంటపడుతున్నారు? పదిమంది ప్రొఫెసర్లు అది చదివి, ఒకరి మొహాలొకరు చూసుకుని, "చాలా లోతైన ప్రశ్న సార్," అన్నారు.

"పేరు చెప్పమ్మా," అన్నాడు గుమాస్తా.

"ఆయమ్మ అంటే చాలు నాయనా."

"నీ పేరెవడికి కావాలి? తలనొప్పి పేరు."

"నొప్పికి పేరేంటయ్యా? ఇదిగో, ఈ కణతలో..."

"ఆడా, మగా?"

వరసలో వెనకున్న దర్జీ ఆయమ్మ చెవి దగ్గరికి వంగాడు. "ఎవరిదో ఒక పేరు పడెయ్ పెద్దమ్మా. నేను మా అల్లుణ్ణి రాయిస్తున్నా."

మొగుడు పోయి పదేళ్లయింది. ఉన్నన్నాళ్లూ పల్లెత్తు మాట అన్నవాడు కాదు. పోయినవాడి మీద నింద మోపడానికి ఆమెకు మనసొప్పలేదు. ఉన్నమాట చెప్పేస్తే పోలా అనుకుంది.

"మంత్రిగారని రాసుకో నాయనా. ఆయన తాళం వెయ్యకపోతే నా స్కాన్ మొన్ననే అయిపోయేది."

గుమాస్తా నిజాయితీపరుడు. అన్నది అన్నట్టు రాశాడు. దర్జీ అల్లుణ్ణి క్షమించాడు. వరస వరసంతా అదే పేరు చెప్పింది.

నివేదిక చూసి మంత్రిగారు నుదురు పట్టుకున్నారు. పరిశోధన మొదలయ్యాక ఆ కేంద్రం పట్టించుకున్న తొలి తలనొప్పి ఆయనదే.

"ముందు కూసిందెవరు?"

చెప్పారు. ప్రొఫెసర్లు ఆయనకూ ఒక ఫారం ఇచ్చారు. మీ తలనొప్పి ఎవరు? వరండాలు తుడిచే ఆయమ్మ. వెంటనే తాళం తీసి ఆయన తలకి రెండుసార్లు స్కాన్ తీశారు. కారణం ఎలాగూ దొరికింది కనక సాయంత్రానికి చికిత్స కూడా ఖరారు చేశారు.

"మరి ఆయమ్మ స్కాన్ సంగతి?" అడిగింది డాక్టరమ్మ.

"ఆవిడ రోగి కాదు మేడమ్," అన్నాడు పెద్ద ప్రొఫెసరు ఓపిగ్గా. "జబ్బు. జబ్బుకి స్కాన్ తీస్తారా ఎక్కడైనా?"

మర్నాడు దేశంలో తొలి తలనొప్పి నయమైందని పేపర్లన్నీ రాశాయి. గుమాస్తా వచ్చి ఆయమ్మ చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఆమె దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా చూసింది. అక్షరాలు అలుక్కుపోయాయి.

"నువ్వే చదువు నాయనా."

"తలనొప్పిని నేటినుంచి శాశ్వతంగా తొలగించడమైనది. ఇట్లు, మంత్రి."

ఆయమ్మ మొహం విప్పారింది. "తొలగించేశారా! మరి ఈ పోటు పూర్తిగా తగ్గడానికి ఎన్నాళ్లు పడుతుందన్నారు?"

గుమాస్తా ఆమె చేతిలోని చీపురు అందుకున్నాడు.

"ఇది స్టోర్లో అప్పజెప్పాలి పెద్దమ్మా."