ఛైర్మన్ తాళం గారు

నీలమ్మవలస ఉన్నత పాఠశాల తల్లిదండ్రుల కమిటీకి ఆడపిల్లల మరుగుదొడ్డి తాళం రెండోసారి కూడా ఏకగ్రీవంగా ఛైర్మన్ అయింది. ఇందులో తప్పుపట్టాల్సిందేమీ లేదు. ఊళ్లో చాటింపు వేయించారు, గేటుకి నోటీసు అంటించారు. ఎన్నిక నాడు తల్లిదండ్రులెవరూ రాలేదు. హాజరైనవారిలోంచి ఛైర్మన్‌ని ఎన్నుకోవాలని నిబంధనల్లో ఉంది గాని, హాజరైంది మనిషే అయ్యుండాలని ఎక్కడా లేదు. మాస్టార్లు పోటీకి అనర్హులు. ఎన్నికల అధికారి ఆవరణంతా కలియదిరిగి, చివరికి మరుగుదొడ్డి తలుపు ముందు ఆగి, పూలదండ వేసి, ధ్రువపత్రం చదివి వినిపించి వెళ్లిపోయారు.

తాళం పాలన మీద ఫిర్యాదులు రాలేదు. సమావేశాలు మరుగుదొడ్డి ముందే జరిగేవి. హెడ్మాస్టరు బెహరా గారు తీర్మానాలు చదివేవారు. పిల్లలకి పెట్టే మధ్యాహ్నం అన్నంలో రాళ్లొస్తున్నా పాత కాంట్రాక్టరునే కొనసాగించాలన్న తీర్మానం వచ్చింది. ఛైర్మన్ అభ్యంతరం చెప్పలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు, తాళంది పూర్తి అంగీకారమని రాసుకున్నారు. టీ కూడా ఆశించని ఛైర్మన్ జిల్లాలో ఇంకెక్కడా లేడని కాంట్రాక్టరు పదిమందిలో మెచ్చుకున్నాడు. పెద్ద తరగతుల ఆడపిల్లలు నెలకి కొన్నాళ్లు బడి మానేస్తున్నారు. దానిమీద కూడా ఛైర్మన్ ఏమీ అనలేదు.

దమయంతికి ఇదంతా పట్టేది కాదు. ఆమె జీడిపప్పు మిల్లులో పొట్టు తీసే పనికి వెళ్లేది. తెల్లారితే పని, పొద్దుగూకితే వంట. కూతురు హిమజ ఎనిమిదో తరగతి. ఒకరోజు ఆ పిల్లకి చలిజ్వరం వచ్చి, పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయింది. ఆసుపత్రిలో నర్సు మందులిచ్చి, నీళ్లు బాగా తాగాలని చెప్పింది.

"తాగవేటే?" అని కోప్పడింది దమయంతి.

"బళ్లో తాగితే ఎక్కడికెల్లాలమ్మా? అక్కడ ఛైర్మన్ గారుంతారు కదా," అంది హిమజ. గోడవైపు తిరిగి, "నాను బడి మానెస్తానమ్మా. నీతో మిల్లుకొచ్చెస్తాను," అంది.

మర్నాడు దమయంతి పని మానుకుని నేరుగా బెహరా మాస్టారి గదికి వెళ్లింది.

ఆయన మర్యాదగా కుర్చీ చూపించారు. "తలుపు తెరవాలంటే తాళం తియ్యాలి. తాళం తియ్యడమంటే ఎన్నికైన ఛైర్మన్‌ని పదవిలోంచి తొలగించడం. నాకా అధికారం లేదమ్మా. కిందటి ఎన్నికకి వచ్చావా?"

"నేదు బాబూ. పన్లోకెల్లాను."

"అయితే నువ్వూ తాళాన్నే ఎన్నుకున్నట్టు లెక్క."

దమయంతికి కోపం రాలేదు. ఆయన చెప్పింది నిజమే. తాళం పదవీకాలం ఆ నెలాఖరుకి ముగుస్తుంది, పోటీ చేసుకోవచ్చని ఆయనే చెప్పారు. తల్లిదండ్రుల్లో సగంమందైనా రాకపోతే మాత్రం పాత ఛైర్మనే కొనసాగుతుంది. ఆమె అక్కడే నామినేషన్ మీద వేలిముద్ర వేసింది.

మిల్లులో ఆడవాళ్లు ఆమె మాట విని నవ్వారు. పొట్టు తీసే వరసలో పెద్దది సూరమ్మ. "తాళం మనకేటి సేసిందే? ఎవుల జోలికీ రాదు. రేపు నువ్వు గెలిస్తే మాతో మాటాడతావో నేదో," అంది.

"అప్పా, పంచాయితీ ఓటుకి సెన్నై నుంచి రైళ్లో నిలబడి ఒస్తారు మనోళ్లు. బడి వీధి సివరే ఉంది. మన పిల్లలు పగలంతా ఉండేది అక్కడే. ఆ ఓటుకి వీధి దాటలేమేటి?"

దమయంతి ఒక పందెం పెట్టింది. ఆ ఒక్కరోజు వరసలో ఎవరూ పని మధ్యలో బయటికి పోకూడదు. పిల్లలు బళ్లో ఉన్నంతసేపు తామూ అలాగే కూర్చోవాలి. ఓస్ ఇంతేనా అని అందరూ ఒప్పుకున్నారు. పొద్దున పాటలు పాడుతూ పొట్టు తీశారు. తర్వాత పాటలు ఆగాయి. కూజా జోలికి ఎవరూ పోలేదు. మధ్యాహ్నం అన్నాలయ్యేసరికి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోవడం మానేశారు. అందరికంటే ముందు లేచింది సూరమ్మే. పరిగెత్తి వెళ్లి, వచ్చి, మళ్లీ తన చోట కూర్చుంది. ఆమె మనవరాలు అదే బళ్లో ఏడో తరగతి.

"దానికి రోజూ ఇదేనా?" అంది.

ఎన్నిక నాడు మిల్లులో పొట్టు తీసే వరస మొత్తం ఖాళీ. మేస్త్రీ అరుస్తూ వెనకాలే బడిదాకా వచ్చి, తన కూతురూ అక్కడే చదువుతున్న సంగతి గుర్తొచ్చి, జనంలో నిలబడిపోయాడు. ఛైర్మన్ కదల్లేడు కాబట్టి ఎన్నిక మరుగుదొడ్డి ముందే పెట్టారు. సగానికి పైగా వచ్చారని అధికారి ప్రకటించారు. తాళానికి చేతులెత్తినవాళ్లూ తక్కువేం కాదు. పాలనానుభవం ఉంది, అవినీతి లేదు, ఉన్నదాన్ని మార్చడమెందుకని వాళ్ల వాదన. దమయంతికి లేచిన చేతులు అంతకంటే ఎక్కువ. వాటిలో చాలావాటికి జీడి రసం మరకలున్నాయి. ఓడిన అభ్యర్థి ఏమైనా చెప్పదలుచుకుందేమోనని అధికారి కొంతసేపు ఎదురుచూసి, అభ్యంతరం లేదని రాసుకున్నారు.

కొత్త ఛైర్మన్ మొదటి తీర్మానం తలుపు తెరవాలని. సూరమ్మ గునపం కోసం చూస్తుంటే బెహరా మాస్టారు జేబులోంచి తాళంచెవి తీశారు.

దమయంతి దాన్ని అందుకుంది. "మీకాడే ఉందా బాబూ?"

"మొదట్నుంచీ ఉందమ్మా. తనిఖీకి శుభ్రంగా ఉండాలని నేనే వేశాను. తియ్యమని కమిటీ ఎప్పుడూ అడగలేదు," అన్నారాయన, ఉన్న సంగతి చెప్పినట్టు.

తలుపు తెరుచుకుంది. బూజు దులిపి, ట్యాంకు నింపి, పిల్లల్ని పంపించారు. ఆ పూట హిమజ కుళాయి దగ్గర నిలబడి దోసిలి పట్టి కడుపారా నీళ్లు తాగింది. కూతుర్నలా చూస్తూ, వచ్చే సమావేశంలో అన్నం కాంట్రాక్టు సంగతి తేల్చాలని దమయంతి అనుకుంది. తేల్చగలనన్న నమ్మకం ఇప్పుడామెకు ఉంది.

సాయంత్రం పక్క ఊరు దుంపలపేట నుంచి నలుగురు పెద్దమనుషులు ఆటోలో వచ్చారు. వాళ్ల బడికి ఛైర్మన్ కావాలట. "మీకు అక్కర్నేకపోతే తాళం గారిని మాకిప్పించండమ్మా. అనుబవం ఉన్నోరు," అన్నారు.

"మీ ఊళ్లో తల్లీ తండ్రీ నేరేటి?" అంది దమయంతి.

"ఎందుకు నేరమ్మా! సానామందున్నారు. ఎన్నికనాడు అందరికీ పన్లున్నాయి."

పిల్లల్ని ఒకసారి అడగమని ఆమె చెబుతూనే ఉంది. వాళ్లప్పటికే తాళానికి బంతిపూల దండ వేసి, ముందు సీట్లో పట్టుబట్ట పరిచి కూర్చోబెట్టారు. ఆటో మైకులో జేజేలు కొట్టుకుంటూ కదిలింది. దారిపొడుగునా జనం పక్కకి తప్పుకుని నమస్కారాలు పెట్టారు. లోపలున్నది ఎవరని ఒక్కరూ అడగలేదు. దండ వేసుకుని వెళ్లేవాళ్లకి దణ్ణం పెట్టడం ఆ రోడ్డుమీద మొదట్నుంచీ ఉన్నదే.