మోరీ మీది బండ ఎవరిది?

ఈ దేశంలో యజమాని లేని జాగా జానెడు కూడా లేదు. గుట్టకొక యజమాని, గుంటకొక యజమాని, రెండిళ్ల నడుమ పిల్లి మాత్రమే పట్టే సందుకు ఇద్దరు యజమానులు, వాళ్లిద్దరికీ కలిపి ఒక కోర్టు కేసు. అయితే అదే జాగాలో ఎవరైనా పడి చెయ్యి విరగ్గొట్టుకున్నారా, ఆ క్షణం నుంచి అది దిక్కులేని అనాథ. ప్రకృతిలో ఇంత వేగంగా జరిగే మార్పు మరొకటి లేదని తెలిసినవాళ్లు చెబుతారు (తెలిసినవాళ్లంటే, పడినవాళ్లు).

బోధన్ బజారులో ఆత్మారాం సేట్ చీరల దుకాణం ముందు ఒక షాబాదు బండ ఉంది. బండ కింద మోరీ, అంటే మురికికాలువ. బండ మీది నుంచి తప్ప దుకాణంలోకి దారి లేదు. ఒక మూలన ఆసరా ఊడిపోయి, ఎవరు కాలు పెట్టినా అది 'డబుక్'మని ఊగేది. ఆ చప్పుడు వినగానే గల్లా దగ్గర కూర్చున్న సేట్ తల ఎత్తకుండానే "రాండ్రి, రాండ్రి" అనేవాడు. బండను బాగు చేయించమని చాలామంది చెప్పారు. చేయిస్తే గిరాకీ వచ్చిన సంగతి ఎట్లా తెలియాలన్నది ఆయన సందేహం. సందేహం న్యాయమైనదే.

రాకాసిపేట రూతమ్మ ఈ బండ మీద పడింది. ఆమె కుట్టుమిషన్ మీద బతికే మనిషి. ప్రతి క్రిస్మస్‌కు మెథడిస్టు చర్చి స్త్రీల సమాజం వాళ్లందరూ ఒకే రంగు చీర కట్టి వరుసగా నిలబడి పాట పాడతారు. చీరలు ఆత్మారాం దుకాణంలో, జాకెట్లు రూతమ్మ మిషన్ మీద. ఏళ్లుగా ఇదే ఏర్పాటు. ఆ ఏడు నీలం అంచు తెల్ల చీర అనుకున్నారు. జాకెట్లకు లోపలి గుడ్డ తీసుకుని, మూట చంకన పెట్టుకుని బయటికి అడుగేసింది రూతమ్మ. బండ ఈసారి 'డబుక్' అనలేదు, పెటుక్కున పగిలింది. కాలు మోరీలోకి పోయింది, కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. సేట్ లోపలి నుంచి "రాండ్రి, రాండ్రి" అన్నాడు.

ఆయన చెడ్డవాడని ఎవరూ అనుకోవద్దు. పరుగెత్తుకొచ్చాడు, కుర్చీ వేయించాడు, మంచినీళ్లిచ్చాడు, "అయ్యయ్యో అక్కా" అని నిజంగానే బాధపడ్డాడు. ఆసుపత్రికి ఆటో కూడా పిలిచాడు. ఆ తర్వాతే ఆయనకు జ్ఞానోదయం అయింది.

చేతికి పట్టీతో రూతమ్మ మళ్లీ వచ్చి అడిగింది రెండే ముచ్చట్లు. "సేటూ, నా చెయ్యి మానెదాక నీ దుకాణం దర్జీతోని మా సమాజం జాకెట్లు కుట్టియ్యి. గా బండ సక్కజెయ్యి. పైసలు వద్దు, ఏం వద్దు. మాటిచ్చిన, మాట పోతది."

"దర్జీని ఇచ్చుడు నాకేం బరువక్కా? గని ఇస్తె, బండ నాదని ఒప్పుకున్నట్టయితది."

"మరి నీది కాదా?"

"కింద ఏమున్నది? మోరీ. మోరీ ఎవరిది? మోరీల మండలిది. మోరీ మీద ఉన్నది మోరీదే గద!"

"పోనీ బండనన్న సక్కజెయ్యి. ఇంకొకామె పడుతది."

"సక్కజేస్తె ఇన్నొద్దులు ఖరాబున్నదని నా నోటితోని నేనే చెప్పినట్టయితదక్కా," అన్నాడు సేట్ చాలా ఓపికగా. రూతమ్మకు చట్టం తెలియదని ఆయనకు జాలి వేసింది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పుకోవాలి. కిందటేడు ఇదే మోరీల మండలి వాళ్లు బజారులో మోరీల మీది బండలన్నీ పీకేస్తామని జేసీబీ తెచ్చారు. అప్పుడు ఇదే ఆత్మారాం ఇదే బండ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "మా బాపు ఏసిన బండ, నా పానం పోయినా ఇడువ" అని కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. బజారంతా చూసింది. జేసీబీ కూడా చూసి వెనక్కి పోయింది. రూతమ్మ ఆ సంగతి గుర్తుచేస్తే, "అది పీకుడు ముచ్చటక్కా, ఇది పడుడు ముచ్చట. రెండు వేరు వేరు డిపార్టుమెంట్లు" అన్నాడు.

సమాజం సెక్రటరీ ప్రిస్కిల్లాను తోడు తీసుకుని రూతమ్మ నిజామాబాద్ బస్సెక్కింది. మోరీల మండలి ఆఫీసు ఒక పాత మేడ పైన ఉంటుంది. మెట్లకు పట్టుకునే కర్ర ఊడిపోయి ఉంది. (దాని గురించి అడిగితే, మేడ అద్దెదనీ, మెట్లు ఇంటివాళ్లవనీ, ఊడిన కర్ర మాత్రం ఆఫీసు స్టోర్‌లో భద్రంగా ఉందనీ చెప్పారు.) ప్రిస్కిల్లా ఒక చేత్తో గోడను, ఒక చేత్తో రూతమ్మను పట్టుకుని పైకి చేర్చింది.

అక్కడ బాలనర్సయ్య గారున్నారు. హోదా: సహాయ బండాధికారి. మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు, చాయ్ తెప్పించాడు, ఆ తర్వాత శాస్త్రం విప్పాడు.

"చూడమ్మా, మోరీ మాదే. కాదని ఎవలన్నరు? గని మోరీ అంటే ఏంది? పొక్క, ఉత్త గుంత. గిన్నె మాది, మూత మాది కాదు. మూత పెట్టినోనిది."

"మూత పెట్టినాయన తనది కాదంటున్నడు సారూ."

"గట్లంటె విచారణ జెయ్యాలె." ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "పడేటప్పుడు మీరు దుకాణంలకు పోతున్నరా, బయటికొస్తున్నరా? పోతుంటే మీరు ఇంకా గిరాకీ కాలేదు. వస్తుంటే మీరు గిరాకీ అయిపోయిన్రు. రెండిట్ల ఏదో ఒకటి ఖాయం జేస్తెనే ముంగటికి పోతది."

నిజం చెప్పాలనే పట్టుదల రూతమ్మకు చిన్నప్పటి నుంచీ ఉంది.

"పడుతున్న సారూ," అంది.

బాలనర్సయ్యకు ఇబ్బంది వచ్చింది. పోవడానికి ఒక నిబంధన ఉంది, రావడానికి ఒకటి ఉంది. పడటానికి లేదు. అందుకని స్వయంగా వచ్చి చూస్తానన్నాడు.

వచ్చాడు. టేపుతో బండను పొడుగూ అడ్డమూ కొలిచాడు, పగులును వేరే కొలిచాడు. బజారు సగం మూగింది. సేట్ ఒక వైపు నిలబడి "నాది కాదు" అన్నాడు, అధికారి ఇంకో వైపు నిలబడి "మాదీ కాదు" అన్నాడు. ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నారు. రెండు వైపులా ఇంత త్యాగబుద్ధితో జరిగిన ఆస్తి తగాదా ఆ బజారులో అంతకుముందు లేదు.

"ఎవలది కాకపోతె తీస్కపోతం," అన్నాడు బాలనర్సయ్య.

సేట్ ముఖం పాలిపోయింది. బండ పోతే దుకాణానికి దారి పోతుంది, పెళ్లిళ్ల గిరాకీ మోరీ ఆవల నిలబడి చీరలు చూడాల్సి వస్తుంది. బండ ఉండాలి, కానీ తనది కాకూడదు. మండలికీ అదే బాధ. తీస్తే తెరిచిన మోరీ మండలిది, అందులో పడినవాళ్లూ మండలివాళ్లే అవుతారు. ఇద్దరూ దుకాణంలోకి వెళ్లి, ఫ్యాన్ వేసుకుని, చాలాసేపు మాట్లాడుకున్నారు. రూతమ్మ బయట, విరిగిన చెయ్యి గుండెకు ఆనించుకుని నిలబడింది. లోపలి నుంచి నవ్వులు కూడా వినిపించాయి.

చివరికి తీర్పు వచ్చింది, ముద్ర వేసి మరీ ఇచ్చారు. సదరు బండ పగిలిన సమయమున దాని మీద దుకాణదారు లేడు, మండలి సిబ్బంది లేరు, శ్రీమతి రూతమ్మ ఒక్కరే ఉన్నారు. కావున ఆ సమయమున బండ ఆమె స్వాధీనమందు ఉన్నట్లు భావించవలెను. ఇకమీదట బండ యొక్క మరమ్మతు, నిర్వహణ, దానిపై పడువారి మంచిచెడ్డలు సమస్తమూ ఆమెయే చూచుకొనవలెను.

"నీకు మంచిగైందక్కా," అన్నాడు ఆత్మారాం. "కేసు ఖతమైంది."

రూతమ్మ ఆ కాగితం ఇంటికి తెచ్చి, గుడ్డ కప్పిన మిషన్ మీద పెట్టి, ఏడ్చింది. చెయ్యి నొప్పికి కాదు. పడ్డది తను, విరిగింది తన చెయ్యి, తప్పు కూడా తనదేనట. ఇట్లాంటి మాటకు ఏడవకపోతే ఇంకెప్పుడు ఏడవాలి? ఆ ఏడు క్రిస్మస్‌కు స్త్రీల సమాజం కొత్త తెల్ల చీరల మీద పాత జాకెట్లు తొడిగింది. ఆకుపచ్చవి, మెరూనువి, ఒకామెది పసుపుది. వరుసలో నిలబడి పాడుతుంటే రూతమ్మ తల ఎత్తలేదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది ఆమెకు.

పట్టీ విప్పాక మణికట్టు కొంచెం వంకరగానే నిలిచింది. మిషన్ తొక్కగలదు, గుడ్డ తోయగలదు, కానీ పాత గిరాకీ అప్పటికే వేరే దర్జీల దగ్గరికి పోయింది. ఒక పొద్దున ప్రిస్కిల్లా ఇంటికొచ్చి, ఆ తీర్పు కాగితం తీసి మళ్లీ చదివింది. మొదట మామూలుగా చదివింది. తర్వాత నిలబడి చదివింది.

"రూతక్కా, 'స్వాధీనం' అని రాసిన్రే నీకు!"

మర్నాడు రూతమ్మ పిలిచిన సుతారి మేస్త్రీ వచ్చి పగిలిన బండ తీసి, కొత్త బండ వేసి, నాలుగు మూలలా సిమెంటు పట్టించాడు. ఏనుగు నడిచినా ఊగదు. అది ఆరాక రూతమ్మ మిషన్ తెచ్చి బండ మీద ఒక పక్కగా, మనుషులకు దారి వదిలి, పెట్టుకుంది. పైన పెద్ద గొడుగు. బోధన్ బజారు నడిబొడ్డున, చీరల దుకాణం నోటి ముందు, చీర కొన్న ప్రతి ఆడమనిషికీ మొదట కనిపించేది జాకెట్లు కుట్టే రూతమ్మే.

ఆత్మారాం బయటికొచ్చి లబోదిబోమన్నాడు. "అక్కా, గిదేంది? నా దుకాణం ముంగట!"

"నీ దుకాణం ముంగట కాదు సేటూ, నా బండ మీద."

సేట్ ఆ సాయంత్రమే వాళ్ల తండ్రి కాలపు కాగితాలన్నీ సంచిలో వేసుకుని నిజామాబాద్ పోయాడు, బండ తమదేనని నిరూపించడానికి. బాలనర్సయ్య సంతోషంగా తీసుకోబోయాడు. "మంచిది సేట్. బండ మీదే అని రాసుకుంట. మరి గా రోజు ఆమె పడ్డది కూడా మీ ఖాతలనే రాయాలె గదా?" సేట్ కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకుని, పట్టుకునే కర్ర లేని మెట్లు జాగ్రత్తగా దిగి వచ్చాడు.

ఇప్పుడు ఆ బండ ఊగదు, చప్పుడు చేయదు. ముసలివాళ్లు వస్తే రూతమ్మ మిషన్ ఆపి, ఆ వంకర చెయ్యే అందిస్తుంది. మొన్న మనుమరాలి పెళ్లికి బట్టలు కొనడానికి సిరికొండ నుంచి పెంటవ్వ అనే ఆవిడ వచ్చి, కాలు పెట్టడానికి జంకింది.

"రా అవ్వా, భయపడకు. నా బండ మీద పడితె జిమ్మేదారి నాది," అంది రూతమ్మ.

పెంటవ్వ బతుకంతా ఎన్నో దుకాణాలు తిరిగింది గానీ ఈ మాట ఎక్కడా వినలేదు. బండ దాటి గడప మీద ఆగి, లోపల నున్నటి పాలరాయి నేలను చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని అడిగింది.

"సేటూ, బయట పడితె ఆమెది జిమ్మేదారంట. మరి లోపల పడితె ఎవలదయ్యా?"

ఆత్మారాం సేట్ గల్లా సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీశాడు. తన దుకాణం లోపలి నేల ఎవరిదో విచారించి తెలుపవలసిందిగా మర్నాడే ఆయన మోరీల మండలికి దరఖాస్తు పెట్టుకున్నాడు.